గడువు తేదీ ఖాళీగా ఉంచరాదు

మాత్ర మారింది. మారినా పనిచేసింది. రేవుపేట మిల్లు ఆసుపత్రి మీదికి వచ్చిన ఉపద్రవమంతా అది పనిచేయడంలోంచే వచ్చింది. పనిచేయకపోయి ఉంటే జనం నాలుగు తిట్లు తిట్టి, పాత మాత్ర తెప్పించుకుని, ఎవరి ఇళ్లకు వాళ్లు పోయేవారు.

వరహాలమ్మకు అరవై ఎనిమిదేళ్లు. గోనెసంచుల మిల్లులో ఇరవై ఆరేళ్లు కుట్టుపని చేసింది. మిల్లు మూతపడ్డా, పాత కార్మికుల కోసం దాని ఆసుపత్రి ఒక్కటీ మిగిలింది. ప్రతి నెలా మొదటి మంగళవారం చక్కెర జబ్బు మాత్రల కోసం అక్కడికి వచ్చేది. ఆమె బడి మొహం చూడలేదు. సంచుల మీద అచ్చువేసే ఇంగ్లీషు అక్షరాలూ, పొట్లాలు కట్టిన తెలుగు కాగితాలూ చూసి చూసి తనంతట తానే చదువు పట్టింది. పట్టాక వదల్లేదు. బస్సు టికెట్టు వెనకవైపు, గోడమీది నోటీసు, మందురేకు మీది చీమతలకాయంత రాత, ఏదైనా సరే చివరిదాకా చదివితేగాని ఆమెకు ఊపిరాడదు. చదవకుండా వదిలేసిన ముక్కలోనే తనకు రావలసిన చెడ్డ కబురు ఉంటుందని ఆమె భయం.

ఆ భయం ఊరికే రాలేదు. మొగుడు ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ నూతిగట్టు దగ్గరే కూలబడ్డాడు. మిల్లు కూత ఒక సోమవారం కూయలేదు, మళ్లీ ఎప్పుడూ కూయలేదు. వీధి చివర ఆగే ఆరో నంబరు బస్సు ఎవరికీ చెప్పకుండా మానేసింది. వెళ్లేముందు చెప్పి వెళ్లినవాళ్లు ఆమె బతుకులో లేరు. అందుకని ఎవరు పక్క వీధికి వెళ్తున్నా సరే, ‘వస్తాను’ అనిపించుకునిగాని వదిలేది కాదు.

అలాంటి మనిషి దగ్గర సౌమ్యాబెట్ మాత్ర తీసేసుకున్నారు. గులాబిరంగు మాత్ర, రేకు మీద పచ్చటి ఆకుబొమ్మ. పదకొండేళ్ల సావాసం.

“ఇది జనరిక్ మామ్మా” అన్నాడు కాంపౌండరు సన్యాసి, తెల్లటి రేకులు కిటికీలోంచి ఇస్తూ. “లోపల మందు అదే. పైన కంపెనీవాడి పేరు లేదంతే.”

వరహాలమ్మ రేకును వెలుతురుకి పెట్టి కూడబలుక్కుంది. “మెట్‌ఫార్మిన్. అయిదువందలు. మరి ఆకు ఏదీ?”

“ఆకు నువ్వు మింగేదానివా?”

“మింగకపోతేనేం, చూసేదాన్ని.”

పక్కన ఖాదర్‌బీ పకపకా నవ్వింది. ఆమెదీ అరవై ఎనిమిదే, ఆమెదీ అదే మిల్లు. కాకపోతే వరహాలమ్మది పగటి షిఫ్టు, ఆమెది రాత్రి షిఫ్టు. ఇరవై ఆరేళ్లు ఒకే మిషను మీద కుట్టి ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఆసుపత్రి వరసలో కలిశారు. ఖాదర్‌బీకి చదువు రాదు. ఆమె రేకులు కూడా వరహాలమ్మే చదివిపెట్టేది.

“ఎందుకక్కా అంత బెంగ? మా ఆయన్ని వాళ్లమ్మ చిన్నా అనేది, మిల్లులో మస్తాను అనేవారు, నేను ఏమయ్యా అనేదాన్ని. ఏమని పిలిచినా గురక ఒకటే.”

నెల తిరిగాక రక్తం చూశారు. వరహాలమ్మకు పరగడుపున నూట డెబ్భై ఒకటి ఉండేది నూట ముప్ఫై ఎనిమిదికి దిగింది. ఖాదర్‌బీకీ దిగింది. అందరికీ దిగినవి దిగాయి, నిలిచినవి నిలిచాయి. ఎవరికీ ఏ లోటూ రాలేదు. వరహాలమ్మ కూడా ఒప్పుకుంది, మాత్ర మంచిదేనని. పాత రేకు ఒకటి మాత్రం ఆకుబొమ్మ కోసం కొంగున ముడేసుకుంది.

ఆగి ఉంటే అక్కడితో ఆగేది. కానీ ఆసుపత్రికి పేరి అనంతశయనంగారని ఒక పాలనాధికారి ఉన్నారు. ఒక్క నెలలో ఆసుపత్రిని నూటికి నూరుపాళ్లు జనరిక్ చేసినందుకు జిల్లా సభలో ఆయనకు శాలువా కప్పారు. మండు వేసవిలో కప్పిన ఆ శాలువా ఆయన తియ్యలేదు. ఆ వేడికో, ఆ గౌరవానికో, ఆయనకొక ఆలోచన పుట్టింది. మర్నాడు గోడమీద సర్క్యులర్ అంటించారు. అందరికంటే ముందు చదివింది వరహాలమ్మే.

“ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఒక పదార్థము యొక్క గుణము దాని కూర్పునందు ఉండునేగాని పేరునందు ఉండదని ఔషధముల విషయమున నిర్ధారణ అయినందున, సదరు సూత్రమును ఆసుపత్రి యొక్క సమస్త విభాగములకు విస్తరింపజేయడమైనది. ఇకపై ఆవరణలో ఎవరునూ, ఏదియునూ పేరుతో వ్యవహరింపబడరాదు.”

ముందు టీకొట్టు బోర్డు పోయింది. ‘నూకరాజు టీ స్టాల్’ ఉన్నచోట ‘మరిగించిన ఆకు, పాలు, నీరు’ అని రాశారు. తర్వాత డాక్టరుగారి బోర్డు. కామేశ్వరిగారని అందరికీ ఇష్టమైన డాక్టరు. ఆమె గది ముందు కొత్త రేకు కొట్టారు: ‘ఎం.బి.బి.ఎస్. ఒకటి. అనుభవము పద్దెనిమిది సంవత్సరములు. చల్లని, పొడి ప్రదేశమునందు ఉంచవలెను.’

డాక్టరుగారు అది చదువుకుని, “ఆ చివరి ముక్క మాత్రం అమలు చేయించండి సార్. నా గదిలో ఫ్యాను తిరిగి రెండు నెలలైంది” అన్నారు.

“ఫ్యాను అనేది గాలి యొక్క వాణిజ్యనామం డాక్టరుగారూ” అన్నారు అనంతశయనంగారు. కిటికీ తెరిపించారు.

అంతదాకా అందరూ నవ్వుకున్నారు. వరహాలమ్మ మాత్రం నవ్వలేదు. గోడల మీద పేర్లు ఒక్కొక్కటే సున్నం కింద మాయమవుతుంటే ఆమె సున్నం కింది అక్షరాలను వేలితో తడిమి చదివేది.

“నీకు అన్నిటికీ భయమే అక్కా” అంది ఖాదర్‌బీ. “బోర్డు పోతే డాక్టరమ్మ పోతుందా?”

“ముందు బోర్డే పోతుందే” అంది వరహాలమ్మ.

ఆ ఆసుపత్రిలో ఒక ఆచారం ఉంది. తెల్లారి ఆరింటికే వచ్చినవాళ్లు వరసలో నిలబడరు. నిలబడగలిగే కాళ్లు ఎవరికీ లేవు. చెప్పులు విడిచి వరసలో పెట్టి, తాము వరండాలో కూర్చుంటారు. ముందు చెప్పు కదిలితే వెనక చెప్పును జరుపుకుంటారు. చెప్పుల వరసలో ఇంతవరకు ఒక్క తగువు రాలేదు. సగంమందివి ఒకే రకం హవాయి చెప్పులు, తెల్లటి అడుగు, నీలం పట్టీ. వరహాలమ్మ చెప్పులకు ఎర్రదారం కట్టుకుంది. ఖాదర్‌బీ కుడిచెప్పు పట్టీ తెగితే అడుగున పిన్నీసు గుచ్చుకుంది. అదే వాళ్ల గుర్తు.

మూడో నెల మొదటి మంగళవారం పొద్దున అనంతశయనంగారు శాలువా సర్దుకుంటూ వచ్చి, ఆ వరసను చూసి ఆగిపోయారు.

“ఇవి ఎవరివి?”

“పేషెంట్లవి సార్” అన్నాడు సన్యాసి. “మనిషికి బదులు చెప్పు నిలబడుతుంది.”

“మనిషికి బదులు చెప్పు నిలబడగలిగినప్పుడు, మనిషికి బదులు మనిషి నిలబడలేడా కాంపౌండరూ?”

సన్యాసి దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడాన్ని ఆమోదంగా నమోదు చేసుకున్నారు.

తొమ్మిదింటికల్లా అందరికీ మెడలో అట్టముక్కలు వేలాడదీశారు. పేరు ఉండదు, కూర్పు ఉంటుంది. వరహాలమ్మ తనది చదువుకుంది: ‘స్త్రీ. అరవై ఎనిమిది. చక్కెర, రెండో రకము. రక్తపోటు. కుడి మోకాలు.’ తర్వాత ఖాదర్‌బీ మెడలోది చదివింది. అక్షరం తేడా లేదు.

“మీరిద్దరూ తుల్యులు” అన్నారు అనంతశయనంగారు, సంబంధం కుదిరినంత సంతోషంగా. “ఒకే కూర్పు. కావున ఒకరిని పరీక్షించిన ఇద్దరినీ పరీక్షించినట్టే. చెప్పు ముందున్నవారు లోపలికి వెళ్లవచ్చును.”

ముందున్నది ఎర్రదారం చెప్పు. వరహాలమ్మ లోపలికి వెళ్లింది. రక్తం తీశారు, మోకాలు చూశారు, పాదాలు రెండూ తిప్పి చూశారు. ‘పాదములు భేషుగ్గా ఉన్నవి’ అని రెండు పుస్తకాల్లో రాశారు. ఒకటి ఆమెది, ఒకటి ఖాదర్‌బీది.

“సూదిపోటు తప్పింది, నువ్వు చల్లగుండాలక్కా!” అంది ఖాదర్‌బీ. “వచ్చే నెల ఉపవాసం కూడా నువ్వే ఉండు, నేను పులిహోర తినొస్తాను.”

వరహాలమ్మ చెప్పు తొడుక్కోవడానికి వంగింది. పక్కనున్న ఖాదర్‌బీ కుడిచెప్పు తెల్లటి అడుగు మీద, బొటనవేలు ఆనేచోట, గోధుమరంగు మరక కనిపించింది. వేలు పెట్టి చూసింది. తడి.

“ఖాదరమ్మా, కాలు చూపించు.”

“ఏటి, నీకు చూపించాలా? ఇప్పుడే కదా డాక్టరమ్మ చూసి బాగుందని రాసింది!”

“చూపించవే!”

పిన్నీసు విచ్చుకుని పైకి లేచింది. బొటనవేలి కింద చింతగింజంత పుండు. చుట్టూ నల్లబడింది. చీము వాసన.

“నొప్పి లేదా?”

“లేదే. ఉంటే అరవనా?” ఖాదర్‌బీ నవ్వబోయి, వరహాలమ్మ మొహం చూసి ఆగిపోయింది.

వరహాలమ్మ ఆ పుండు సంగతి అప్పటికే చదివి ఉంది. మందుల కిటికీ పక్కన గోడబొమ్మ ఉంది: ‘చక్కెర జబ్బువారి కాలు మొద్దుబారును. దెబ్బ తెలియదు. ఆలస్యము చేసిన వేలు పోవును, తర్వాత కాలు పోవును.’ పదకొండేళ్లలో ఆమె దాన్ని నూటికి పైగా సార్లు చదివింది. చదివిన ప్రతిసారీ తన కాళ్లే చూసుకుంది. పక్కదాని కాళ్లు చూడాలని తట్టలేదు.

సన్యాసి దగ్గరికి పరుగెత్తినంత పనిచేసింది. “బాబూ, ఖాదరమ్మ కాలికి పుండు. డాక్టరమ్మకు చూపించాలి.”

సన్యాసి పుస్తకం తిప్పాడు. “పాదములు భేషుగ్గా ఉన్నవి అని ఉంది మామ్మా.”

“అవి నా పాదాలు నాయనా!”

“నాకు తెలీదా? నేనేం గుడ్డివాణ్ణా?” సన్యాసి గొంతు తగ్గించాడు. “కానీ జత నుంచి ఒక్కరే వెళ్లాలి. నువ్వు వెళ్లొచ్చేశావు. తలుపు దగ్గర సారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.”

కుర్చీలోని అనంతశయనంగారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి మాటా వింటారు, విన్నాక సర్క్యులర్ చెబుతారు.

“అమ్మా, మీ పాదము బాగున్నదా?”

“బాగుంది బాబూ.”

“మీరు ఆమెకు తుల్యులు. కావున ఆమె పాదమునూ బాగున్నది. బాగులేదని మీరనినచో మీ పాదమునూ బాగులేదని అర్థము. ఇప్పుడే కదా బాగున్నదంటిరి!”

ఆయన వేలు పైకెత్తారు. “అయిననూ ఈ చిక్కులు ఈరోజుతో తీరును. ఒకే కూర్పు గలవారు ఇద్దరెందుకు? ఒకరిని ఇక్కడ ఉంచి, రెండవవారిని మిగులు సరుకుగా కొండదిగువ ఉపకేంద్రమునకు బదిలీ చేయుచున్నాము. ఉంచబడినవారికి తక్షణమే కొత్త కార్డు, ఆపాదమస్తకము తొలి పరీక్ష.”

కొండదిగువ అంటే రెండు బస్సులు మారాలి. డాక్టరు పదిహేను రోజులకొకసారి వస్తాడు, మొన్ననే వచ్చి వెళ్లాడు.

“ఎవర్ని ఉంచుతారు బాబూ?”

“మందుల షాపు సూత్రమే. గడువు ముందుగా తీరునది పక్కకు, ఆలస్యముగా తీరునది లోపలికి. గడువులు సమానమైనచో చెప్పుల వరస ప్రకారము.”

మధ్యాహ్నం భోజనాల వేళకు హాలులో బల్ల వేశారు. సన్యాసి ఫారాలు నింపుతున్నాడు. తయారైన తేదీ గడిలో పుట్టిన తేదీ. పక్కన ఇంకో గడి. దాని కింద ఎర్రసిరాతో ‘గడువు తేదీ ఖాళీగా ఉంచరాదు’ అని ఉంది.

“తాతా, నీ గడువెప్పుడు?” అని అడిగాడు సన్యాసి, తల ఎత్తకుండా.

మిల్లులో మగ్గాల విభాగంలో పనిచేసిన ముసలాయన మండిపడ్డాడు. “మా కోడల్ని అడుగు. రోజూ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది!”

ఖాదర్‌బీ వంతు వచ్చింది. ఆమె గొంతులో నవ్వు లేదు. “అది అల్లాకే ఎరుక బాబూ.”

సన్యాసి అధికారి వైపు చూశాడు. అనంతశయనంగారు ఒక్క క్షణం ఆలోచించి చెప్పారు: “రాయి. సరఫరాదారుని సంప్రదించవలెను. సమాధానము వచ్చువరకు అయిదు సంవత్సరములు.”

తర్వాత వరహాలమ్మ. దేవుడికే తెలుసు అంటే తనకూ అయిదేళ్లే. అప్పుడు చెప్పుల వరస చూస్తారు. ఎర్రదారం చెప్పు ముందుంది. ఖాదర్‌బీ కొండదిగువకు పోతుంది. వేలు పోతుంది, తర్వాత కాలు పోతుంది. తర్వాత ఏం పోతుందో గోడబొమ్మ మీద రాయలేదు. ఆమెకు రాయక్కర్లేదు.

తను తక్కువ చెబితే? రెండేళ్లనో, ఏడాదనో. ఖాదర్‌బీ ఈ క్షణమే లోపలికి వెళ్తుంది. తను కొండదిగువకు పోతుంది. మంగళవారం ఇక్కడ ఒక చెప్పు, అక్కడ ఒక చెప్పు. ఖాదరమ్మకు రేకులు ఎవరు చదివిపెడతారు? ‘వస్తాను’ అని చెప్పి వెళ్లినా, రెండు బస్సుల అవతల్నుంచి వచ్చేదెవరు?

“మామ్మా, గడువు” అన్నాడు సన్యాసి.

భయం వేసినప్పుడు వరహాలమ్మ కళ్లు వాటంతట అవే చదవడానికేదైనా వెతుక్కుంటాయి. హాలు మూల ఇనప బీరువా ఉంది. అందులో తొమ్మిదేళ్లనాటి దగ్గుమందు సీసాలు, ఎర్రనాడా చుట్టి ఉన్నాయి. తలుపు మీద పసుపుపచ్చబడిన కాగితం. ఏళ్లుగా చదివిందే, మళ్లీ చదివింది. ‘గడువు తీరిన సరుకు. ఎట్టి పరిస్థితులలోనూ ఆవరణ దాటించరాదు. పై ఉత్తర్వులు వచ్చువరకు ఇచ్చటనే ఉంచవలెను.’

రెండుసార్లు చదివింది. చివరిదాకా.

“నిన్నటితో అయిపోయింది బాబూ” అంది.

సన్యాసి కలం ఆగింది.

“నిన్ననా?” అనంతశయనంగారు కుర్చీలోంచి లేచారు. “మరి మీరు కూర్చుని మాట్లాడుచున్నారే?”

“గడువు తీరిన మందు మాత్రం చూడ్డానికి ఎలాగుంటుంది బాబూ? అలాగే ఉంటుంది కదా.”

ఆయన ఆ మాటలో తప్పు పట్టడానికి ప్రయత్నించారు. దొరకలేదు. పైగా ఇంత స్పష్టంగా గడువు చెప్పిన రోగి పొద్దుట్నుంచీ ఒక్కరూ లేరు. “రాయి” అన్నారు గౌరవంగా.

“ఏటక్కా ఆ మాటలు! అచ్చిరాని మాటలు!” ఖాదర్‌బీ ఏడుపు గొంతుతో ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు పో లోపలికి. నా వేలెంత, నీ పానమెంత?”

“నోరు మూసుకుని నడువు. నీకు కొత్త కార్డు వచ్చింది. ఆపాదమస్తకమట. పాదం దగ్గర్నుంచి మొదలెట్టమని చెప్పు.”

ఖాదర్‌బీ లోపలికి వెళ్లింది. డాక్టరుగారు కాలు చూసి, తలుపు దగ్గరున్న అధికారికి వినబడేలా ఒక మాట అన్నారు. అది ఏ సర్క్యులర్‌లోనూ లేని మాట. పుండు కడిగి, నల్లబడిన తోలు తీసి, కట్టుకట్టి, “ఇంకో వారం ఆగి ఉంటే ఈ వేలు దక్కేది కాదు” అన్నారు.

బయట వరహాలమ్మ వ్యవహారం నడుస్తోంది. సన్యాసి బదిలీ పత్రం రాయబోతే ఆమె బీరువా వైపు వేలు చూపించింది. అధికారి వెళ్లి కాగితం చదివి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

“నిజమే. ఆవరణ దాటించరాదు.”

“మరి సాయంత్రం నేను ఇంటికి వెళ్లాలి కదా బాబూ, కోళ్లను గూట్లో వెయ్యాలి.”

దాని మీద పావుగంట చర్చ జరిగింది. ఆవరణ అనగా రికార్డులలోని ఆవరణ అని తేల్చారు. మనిషి ఎక్కడ తిరిగినా పుస్తకం ఇక్కడే ఉంటుంది, ప్రతి మొదటి మంగళవారం సరుకు తనిఖీకి బీరువా పక్క బల్లమీద హాజరు కావాలి. సన్యాసి ఎర్రనాడా తెచ్చి ఆమె ముంజేతికి కట్టాడు. కడుతూ, “గట్టి బుర్రే మామ్మా నీది” అని గొణిగాడు.

“కాలి కట్టు సంగతేమి?” అన్నారు అధికారి హఠాత్తుగా. “ఈమె తుల్యురాలి పాదమునకు కట్టు పడినది. గడువు తీరినంత మాత్రమున కూర్పు మారదు.”

వరహాలమ్మ బాగున్న కాలికి బొటనవేలు కనబడకుండా కట్టు కట్టారు. మాత్రలు కూడా అలాగే వచ్చాయి. గడువు తీరినవారికి మందు లేదు, కానీ ఉంచబడినవారి కార్డు మీద జత మొత్తానికి సరిపడా మాత్రలని అచ్చై ఉంది. ఖాదర్‌బీ రెండింతలు రేకులు తీసుకుని కుంటుతూ వచ్చింది. బల్లమీద కూర్చుని సగం వరహాలమ్మ ఒళ్లో పోసింది. ఒకే కాలికి ఒకేలాంటి కట్లు చూసుకుని ఇద్దరూ కాళ్లు పక్కపక్కన చాపారు. తర్వాత ఖాదర్‌బీకి నవ్వొచ్చింది.

నాలుగు నెలలైంది. పుండు మానింది. అనంతశయనంగారికి జిల్లా సభలో రెండో శాలువా కప్పారు. మొదటిదానికి తుల్యమని ఆయన అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారట. నిష్ఠాపరుడు.

గడువు తీరిన సరుకు గురించి పైకి రాసిన ఉత్తరానికి జవాబు కూడా వచ్చింది. సన్యాసి బల్ల దగ్గరికి తెచ్చాడు, వరహాలమ్మ చదివింది. ‘మీరు తెలిపిన గడువు తీరిన సరుకును ధ్వంసము చేయుటకు అభ్యంతరము లేదు. అయితే సదరు సరుకు యొక్క పేరును తెలియపరచవలెను. పేరు లేనిదే ఉత్తర్వులు ఇవ్వబడవు.’

“సారు ఏమన్నారు?”

“పేరు రాయడానికి మన సర్క్యులర్ ఒప్పుకోదన్నారు. ఆ ముక్కే పైకి రాశారు. వాళ్లు మళ్లీ పేరు అడుగుతారు. మనం మళ్లీ ఇవ్వం.” సన్యాసి ఉత్తరాన్ని దగ్గుమందు సీసాల పక్కన పెట్టి బీరువా మూశాడు. “ఎన్నాళ్లో అడక్కు మామ్మా.”

వరహాలమ్మ ముంజేతి మీది ఎర్రనాడా విప్పింది. పుండు మానాక ఖాదర్‌బీ కుడిచెప్పు అడుగున మళ్లీ గుచ్చుకున్న పిన్నీసు పీకి కిటికీలోంచి పారేసి, నాడాను పట్టీ రంధ్రంలోంచి దూర్చి, రెండు ముళ్లు వేసి పళ్లతో బిగించింది. ఇప్పుడు వరసలో రెండు జతలకూ ఎర్రటి గుర్తే.

సాయంత్రం గేటు దగ్గర విడిపోయేటప్పుడు ఖాదర్‌బీ ఆగింది. వరహాలమ్మ ఎప్పుడూ అడిగే మాట ఈసారి ఆమే అడిగింది.

“వచ్చే నెల మంగళవారం వస్తావు కదక్కా?”

“ఎక్కడికి పోతానే” అంది వరహాలమ్మ. “నన్ను కదిలించకూడదని రాసి పెట్టారు కదా.”